గోడకెక్కిన మాట

శనివారం తల్లిదండ్రుల సమావేశం ఎలా చెడిందో తెలిసినవాళ్లు ఈ నాలుగు ముక్కలూ దాటేసి సోమవారంలోకి వెళ్లిపోవచ్చు. తెలియనివాళ్లకి మాత్రం చెప్పాలి కదా. నర్సీపట్నంలో మెట్టవీధి చివర రెండు గదుల బడి ఒకటుంది. ఒక గదిలో ఒకటో తరగతి, రెండో గదిలో రెండో తరగతి, అంతే. రెండో తరగతి టీచరు లక్ష్మీసాహితి. ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. రోజుకొకరు తమ ఇంటి సంగతి మూడు వాక్యాల్లో చెప్పాలి. ఒక్క అక్షరం దిద్దకుండా, వాళ్ల నోట్లో ఎలా వచ్చిందో అలాగే, టీచరు దాన్ని చార్టు మీద లావుపాటి అక్షరాల్లో రాసి, కింద చెప్పినవాళ్ల పేరు పెట్టాలి. తరవాత తరగతంతా దాని మీద వేలు పెట్టి చదవాలి. ఎవరో రాసిన పాఠం కన్నా తన నోటి మాట పిల్లకి తొందరగా చదవడం వస్తుంది. మంచి పద్ధతే, అందులో అనుమానం లేదు.

గురువారం వంతు నూకరత్నానిది. ఏడేళ్ల పిల్ల. "మా మామ్మకి అచ్చరాలు రావు. పేపరు తలకిందులుగా పట్టుకుంటాది. నాను సెప్తే తిప్పుకుంటాది." సాహితి రాసేసింది, గోడకి అంటించేసింది. ఆ మామ్మ ఎవరో కాదు, బడి కమిటీకి చైర్మన్ దేవుడమ్మ. రెండేళ్లుగా కళ్లజోడు పెట్టుకుని, బడి కాగితాలన్నీ ఆ మూల నుంచి ఈ మూలకి చూసి, తలాడించి సంతకం పెడుతున్న మనిషి. శనివారం నలుగురి ముందూ చదివి చూపించరా అని ధర్మతేజని లేపితే, వాడు గోడ మీద ఉన్నవాటిలో కొత్తది ఎంచుకుని గొంతెత్తి చదివాడు. వాడి తప్పేం లేదు, వాడికి బాగా వచ్చింది అదే. జనం నవ్వారు. దేవుడమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. కథ అక్కడ ఆగింది.

సోమవారం పొద్దున్న సాహితి ఇంట్లోంచి బయల్దేరేటప్పటికి వాళ్ల నాన్న రామచంద్రమూర్తి గారు వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. ముప్పై మూడేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. పది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి, మాట సగం వచ్చింది, చదువు మాత్రం రాలేదు. అక్షరం కనబడుతుంది, అదేమిటో తెలియదు. అయినా ఆరున్నరయ్యేసరికి పేపరు కావాలి. ఆ రోజూ అది తలకిందులుగానే ఉంది. మొదట్లో సాహితి వెళ్లి తిప్పి చేతిలో పెట్టేది. ఈ మధ్య మానేసింది. "వెళ్లొస్తాను నాన్నా" అని, క్యారేజీ సంచిలో పెట్టుకుని, స్కూటీ తీసింది.

ఈ పది నెలల్లో సాహితికి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఆకలి కూడా గడియారం చూసుకునే వేస్తోంది. ఎవరేం చెప్పినా "సరే అండి" అంటుంది. చిన్నాన్నగారు విశాఖపట్నంలో మంచి డాక్టరున్నాడంటే సరే అండి, పక్కింటావిడ చెట్టు మందు ఇప్పించమంటే సరే అండి, హెడ్మాస్టరు మన్మథరావు గారు జనాభా లెక్కల పనీ తన క్లాసు పనీ రెండూ చూడమంటే సరే అండి. జనం ఆవిడ చాలా నెమ్మదస్తురాలని మెచ్చుకుంటున్నారు. నెమ్మదీ లేదు పాడూ లేదు, మనిషి లోపల మొద్దుబారిపోయింది, అంతే.

తొమ్మిదింబావుకి పిల్లలు చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. పంతొమ్మిది మంది. మధ్యలో అక్షరాల కార్డులు, ఇసక పోసిన పళ్లెం, పక్కన ఒక చెక్క తెడ్డు. తెడ్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి, అదీ ఆ తరగతి కట్టుబాటు. గోడ మీద చార్టులన్నీ వరసగా ఉన్నాయి. గురువారం చార్టు ఉన్నచోట మాత్రం నాలుగు మూలలా టేపు మరకలు మిగిలాయి. శనివారమే దాన్ని తీసి బీరువాలో పెట్టింది సాహితి.

తెడ్డు చేతులు మారుతూ వచ్చింది. ఒకడు తమ గేదె ఈనిందన్నాడు. ఒకర్తె బలిఘట్టం తీర్థంలో గాజులు కొనుక్కున్నానంది. నూకరత్నం దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల తెడ్డుని ఒళ్లో పెట్టుకోలేదు. కాలిన గిన్నె అందించినట్టు గబుక్కున పక్కవాడికి ఇచ్చేసింది.

"రత్నం, నీ వంతమ్మా" అంది సాహితి.

"నాను సెప్పను."

"ఏదైనా చెప్పొచ్చు. ఆట గురించి చెప్పు."

"నాను సెప్తే మీరు గోడ మీద రాసీస్తారు" అంది రత్నం. తరవాత మోకాళ్లలో తల పెట్టేసుకుంది.

శుక్రవారం దాకా ఈ తరగతిలో అందరికన్నా ఎక్కువ మాట్లాడింది ఆ పిల్లే. మాట ఆగిపోతే ఆ పిల్ల చదువూ అక్కడే ఆగుతుందని ఏ టీచరుకైనా తెలుస్తుంది. సాహితికీ తెలిసింది. తెలిసిందే గానీ గుండెలో ఎక్కడా కలుక్కుమనలేదు. ఇలాంటప్పుడు కలుక్కుమనాలి కదా అనుకుంది, ఎవరి సంగతో అనుకున్నట్టు.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. దేవుడమ్మ. చేతిలో గుడ్డసంచి ఉంది. మొహం మీద కళ్లజోడు లేదు.

"టీచరమ్మా, నా మనవరాలి టీసీ ఇచ్చీ. ఇంకెక్కడైనా ఏసుకుంటాను."

"సరే అండి. హెడ్మాస్టరు గారితో చెప్పి రాయిస్తాను."

దేవుడమ్మ ఈ జవాబుకి సిద్ధపడి రాలేదు. బతిమాలుతుందని, దానికి ఎదురు ఏమనాలో దారిపొడుగునా కూర్చుకుని వచ్చింది పాపం.

"ఆ కాగితమేది? గోడకి అంటించినావు కదా, అది."

సాహితి బీరువా తెరిచి చార్టు తెచ్చింది.

"సింపీ. నా కళ్ల ముందు సింపీ."

"సరే అండి."

సాహితి చార్టుని రెండు చేతులతో పట్టుకుని పై అంచు దగ్గర చింపింది. జానెడు చిరిగింది. మోకాళ్ల మధ్యలోంచి రత్నం తల ఎత్తి చూస్తోంది. చార్టు కింద ఆ పిల్ల పేరు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉంది, చుట్టూ ఆ పిల్లే వేసుకున్న పువ్వులున్నాయి. చిరుగు ఆ పువ్వుల దాకా వస్తుండగా దేవుడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. అంత సులువుగా సింపీడమేటి నువ్వు? గుంట సెప్పిన మాట కదా అది. దాని పేరుంది కదా."

సాహితి ఆగింది. చింపమన్నా ఆమే, ఆపమన్నా ఆమే. రెండిటికీ సాహితి మొహం ఒక్కలాగే ఉంది. దేవుడమ్మకి మండింది అదే.

"ఏటమ్మా, నానింత అంటన్నా నీకేటీ అనిపించదా? అరవై రెండేళ్లు దాసుకున్నాను నాను. నా మొగుడికొక్కడికే తెల్సు, ఆయన పోయేడు. కొడుక్కి తెలీదు, కోడలికి తెలీదు. ఈ గుంట సదవడం నేర్సిన కాడ్నుంచి దీనికి తెల్సింది. నేర్పింది నువ్వు. నేర్పి, దాని నోటితోనే నన్ను నలుగుర్లో నిలబెట్టీసినావు. నిన్న కుళాయి కాడ ఆడోళ్లు, పేపరు తిప్పీ దేవుడమ్మా అనీసి నవ్వేరు. నీళ్లు ఒగ్గీసి వచ్చీసేను."

"నాదే తప్పండి" అంది సాహితి. "రాయకుండా ఉండాల్సింది. రాసేటప్పుడు నాకు తట్టలేదు."

"అంతంత అచ్చరాలు రాస్తూ తట్టకపోడమేటి?"

అబద్ధం ఆడాలన్నా కాస్త ఓపిక కావాలి, ఆ ఓపిక సాహితికి లేదు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా నాన్నగారు కూడా పేపరు తలకిందులుగానే పట్టుకుంటారండి. రోజూ పొద్దున్న. రత్నం చెప్తుంటే మా ఇంట్లో సంగతిలాగే అనిపించింది. మామూలు మాటలాగే రాసేశాను."

"ఎవులు, మూర్తి మేస్టారా?" దేవుడమ్మ గొంతు తగ్గింది. "మా కొడుకు సింహాద్రికి తెలుగు సెప్పేరు ఆయన. ఆయనకేటయింది?"

"పక్షవాతం వచ్చిందండి. అక్షరాలు పోయాయి."

"ఎంతకాలమయింది?"

"పది నెలలు."

దేవుడమ్మ చెప్పులు గుమ్మం అవతల విడిచి లోపలికి వచ్చింది. ధర్మతేజని కాస్త జరగమని చాప మీద కూలబడింది. పిల్లలకి ఇదంతా కొత్తగా ఉంది, ఎవరూ కదల్లేదు. ఆమె ఇసక పళ్లెంలోకి చూసింది. అందులో ఎవరో "అ" దిద్ది సగంలో వదిలేశారు.

"మరి ఆయనకి పేపరు ఎవులు తిప్పుతారు?" అని అడిగింది.

"ఎవరూ తిప్పడం లేదండి."

"నాకిది తిప్పుతాది" అంది దేవుడమ్మ, మనవరాలి వైపు చూడకుండా.

ఆ మాట సాహితికి తగిలింది. ఎక్కడో లోపల, దూరంగా, మందు మత్తులో పన్ను పీకుతున్నప్పుడు తెలిసినంతగా తెలిసింది. తెలిసి ఊరుకుంది.

"మాది కొయ్యూరు దరి" అంటూ దేవుడమ్మ మొదలుపెట్టింది. "మా ఊరికి బడి నేక కాదు. ఉండీది, వాగవతల ఉండీది. మగ గుంటలు లుంగీలు ఎగ్గట్టుకోని దాటీసీవోరు. ఆడపిల్లవి నువ్వేటి దాటడమనీసేరు. ఈ కొసని నించోని వాళ్లు సదివేది ఇనీదాన్ని. ఇంటే అచ్చరం వస్తాదా? అందుకే ఈ కమిటీలోకి నన్ను రమ్మంటే వచ్చేను. నాకేటీ తెలీకపోయినా ఒకటి తెల్సు. బడి ఈదిలోనే ఉండాల. ఈ సిన్న గుంటలు ఆ మెయిన్ రోడ్డు దాటి అవతలి బడికి ఎల్లలేరు, ఎల్లకపోతే ఆడగుంటలు ఇళ్లల్లో ఉండిపోతారు. నానుండగా ఈ బడిని కదలనివ్వననీసి అందరికీ సెప్పేను."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఇచ్చేముందు దాన్ని గుప్పిట్లో కాసేపు పట్టుకుంది.

"శనివారం అందరూ నవ్వుతుంటే మన్మథరావు మేస్టారు ఏటన్నాడో ఇన్నావా? అందుకేనా అమ్మా శుక్రవారం అంత బేగి సంతకం పెట్టీసేవు, అన్నాడు. నిన్నంతా అదే సెవిలో గింగురుమంటంది. శుక్రవారం ఆఫీసులోకి పిలిసి రెండు కాగితాలు పెట్టేడు. మద్దేన్నం బోజనం కాగితాలన్నాడు. ఒకటి ఆయనుంచుకున్నాడు, ఒకటి నాకిచ్చేడు. సింహాద్రికి సూపిద్దామంటే నామోసీ. ఈ గుంట సూస్తే శనివారం నుంచి పలకడమే మానీసింది. నువ్వు సదువమ్మా. టీసీ తరవాత."

సాహితి మడతలు విప్పింది. ఫారం మీద టైపు చేసిన ఏడెనిమిది లైన్లున్నాయి. పిల్లలకి కథ చదివే గొంతుతోనే పైకి చదివింది, ఆవిడకి వేరే గొంతు మిగల్లేదు మరి. "మెట్టవీధి పాఠశాలలోని ఒకటి, రెండు తరగతులను మెయిన్ రోడ్డు అవతల గల పాఠశాలకు తరలించుటకు కమిటీ సభ్యులందరూ సమ్మతించి తీర్మానించడమైనది. ఈ తీర్మానమును సోమవారం మధ్యాహ్నంలోగా మండల విద్యాశాఖ కార్యాలయమునకు సమర్పించవలెను."

"అంటే ఏటి?"

"బడి రోడ్డవతలికి వెళ్లిపోతుందండి. మీరందరూ ఒప్పుకున్నట్టు రాశారు."

"నాను ఒప్పుకున్నానా?"

"మీ సంతకం ఉందండి."

దేవుడమ్మ అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. చీర కొంగు తీసి మూతి తుడుచుకుంది, ఏదో తిన్నట్టు. "ఏదీ, ఎక్కడ?" అంది.

సాహితి కాగితాన్ని చాప మీద పరిచింది. శనివారం నుంచి ముడుచుకుపోయిన నూకరత్నం మోకాళ్ల మీద పాక్కుంటూ కార్డుల మీంచి వచ్చింది. కింద బాల్ పెన్నుతో గీసిన నాలుగు అక్షరాలున్నాయి. ఆ పిల్ల మెడ వంచి చూసింది, సరిపోలేదు. లేచి కాగితం అవతలి పక్కకి వెళ్లి కూర్చుని వేలు పెట్టింది.

"దే, వు, డ, మ్మ" అని చదివింది. "మామ్మా, నీ పేరు తలకిందులుగా ఉన్నాది."

నిజమే. కాగితంలో రాతంతా ఒక వైపుకి ఉంటే ఆ పేరు ఒక్కటీ ఎదురు తిరిగి ఉంది.

"ఆయన కుర్సీలో కూకున్నాడు" అంది దేవుడమ్మ మెల్లిగా, గుర్తు చేసుకుంటూ. "కాగితం తన ఏపు పెట్టుకోని, ఇక్కడ అని ఏలెట్టేడు. నాను బల్లకి ఇటు నించోని గీసీసేను. తిప్పి పెట్టలేదు ఆయన. నాకు తెలీదనీసి అప్పటికే తెల్సుండాల ఆయనకి."

రెండేళ్లు కాపలా కాసిన మనిషి తన చేత్తోనే తలుపు తీసి ఇచ్చేసింది. ఆ సంగతి ఆమెకి అర్థమైంది, ఆమె మొహం చూస్తే పిల్లలకి కూడా అర్థమైంది. ధర్మతేజ తెడ్డు తీసుకొచ్చి ఆమె చేతికివ్వబోయాడు. ఆమె చూసుకోలేదు.

"టీచర్, ఈ పచ్చదెవరిది?" అంది రత్నం.

దేవుడమ్మ సంతకం పక్కనే ఇంకొకటి ఉంది, సాహితి అప్పటిదాకా గమనించలేదు. బాల్ పెన్నుతో కాదు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో. గొలుసుకట్టు కాదు, అచ్చులాంటి గుండ్రటి అక్షరాలు. చిన్నప్పుడు సాహితికి సంతకం నేర్పుతూ రామచంద్రమూర్తి గారు ఒక మాట అనేవారు. సంతకమంటే గజిబిజిగా గీకడం కాదమ్మా, దారినపోయేవాడు కూడా నీ పేరు చదవగలగాలి, అప్పుడే నువ్వు పెట్టినట్టు. ఆవిడ ఇప్పటిదాకా అలాగే పెడుతోంది.

రత్నం మళ్లీ ఇవతలికి వచ్చింది, వేలు కదిలింది. "ల" దగ్గర ఆగలేదు. తరవాతి అక్షరం కష్టం, కానీ అది హాజరు పట్టీ మీదా తలుపు మీదా రోజూ చూసేదే. "లక్ష్మీ" అంది. "సా, హి, తి." అని తల ఎత్తి నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయింది. "మా టీచరు" అంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చార్టుకి అంచులు గీస్తోంది సాహితి. మన్మథరావు గారు కిటికీ దగ్గరికి వచ్చి రెండు కాగితాలు గట్టు మీద పెట్టి, "మేడమ్, ఇక్కడొకటి, ఇక్కడొకటి" అన్నారు. పెన్ను మార్చుకోవడం కూడా ఎందుకని చేతిలో ఉన్నదానితోనే పెట్టేసింది. సరే అండి అంది. కాగితం ఆవిడ వైపే తిరిగి ఉంది. అందులో ఏడెనిమిది లైన్లే ఉన్నాయి. వెలుతురు కూడా బాగానే ఉంది.

సాహితి చేతులు చల్లబడ్డాయి. తన చేతులు చల్లగా ఉన్నాయని తెలియడం పది నెలల్లో ఇదే మొదటిసారి.

దేవుడమ్మ కాగితం వంక చూసింది, తరవాత టీచరు వంక చూసింది. తిడుతుందేమో అనుకుంది సాహితి. తిట్టి ఉంటే బాగుండును.

"నాకు రాదు గనక పెట్టీసేను" అంది దేవుడమ్మ. "నీకొచ్చు కదమ్మా."

అంతలో వరండాలోంచి మన్మథరావు గారి గొంతు వినిపించింది. "మేడమ్, నేను ఎమ్ఈఓ ఆఫీసు దాకా వెళ్లొస్తాను. ఒకటో క్లాసు పిల్లల్ని కూడా ఓ కంట కనిపెట్టండి." బండి స్టాండు తీసిన చప్పుడైంది. విద్యాశాఖ ఆఫీసులో ఇవ్వాల్సిన రెండో కాగితం ఆయన సంచిలో ఉంది.

ఇలాంటప్పుడు సాహితి అనే మాట ఒకటే. ఆయన దానికోసం ఒక క్షణం ఆగారు కూడా. ఆ రోజు అది నోట్లోంచి రాలేదు. "ఆగండి" అందామని నోరు తెరిచింది. అదీ రాలేదు. కళ్లు మండాయి, గోడ మీది చార్టులన్నీ మసకబారాయి. పది నెలలు రానిది ఇప్పుడే రావాలా అనుకుంది. బండి స్టార్టయి గేటు వైపు కదిలింది.

నూకరత్నం లేచింది. చాప మీంచి, కార్డుల మీంచి, ఇసక పళ్లెం తన్నుకుంటూ గుమ్మంలోకి పరిగెత్తింది. అవతల వీధిలో కుళాయి దగ్గర శనివారం నవ్వినవాళ్లంతా బిందెలతో నిలబడి ఉన్నారు.

"మేస్టారూ, ఆగండి" అని ఆ పిల్ల వీధంతా వినబడేలా కేకేసింది. "మా మామ్మకి అచ్చరాలు రావు. మీరు కాగితం తిప్పకండా సంతకం పెట్టించీసేరు."

సాహితి ఉలిక్కిపడి దేవుడమ్మ వైపు తిరిగింది. మొన్న ఆ మాటకే మనవరాల్ని ఈడ్చుకుపోయిన మనిషి, చాప మీంచి లేచి వచ్చి ఆ పిల్ల వెనక నిలబడింది, భుజాల మీద రెండు చేతులూ వేసి.

"మళ్లీ సెప్పు" అంది. "ఆయనకి ఇనబళ్లేదేమో."

గేటు దగ్గర బండి ఆగింది.